ట్రిమ్ ఆటోలో ఉంచాలా, చేత్తో తిప్పాలా? ఫైటర్ సిమ్యులేటర్‌లో విమానాన్ని కుదురుగా నిలబెట్టడం ఎలా

“స్టిక్ వదిలితే చాలు, విమానం ముక్కు పైకెత్తేస్తోంది. పైగా ఎడమకు ఒరిగిపోతోంది. ఆటో ట్రిమ్ ఆన్ చేసేసుకోనా?” ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నాకు వస్తూనే ఉంటుంది. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా జవాబు చెప్పడం కంటే ఒకసారి వరసగా రాసిపెడితే మేలనిపించింది.

ట్రిమ్ అంటే స్టిక్‌ను పట్టుకుని కూర్చోకుండానే విమానం కుదురుగా నిలిచేలా కంట్రోల్స్‌ను సర్దిపెట్టడం. ముందు పొట్టి జవాబు. కీబోర్డు, మౌస్‌తో ఆడుతుంటే ఆటో ఉంచండి. జాయ్‌స్టిక్‌తో ప్రొపెల్లర్ విమానం నడుపుతుంటే చేత్తో ట్రిమ్ చేయడం నేర్చుకోండి, రెండు సాయంత్రాల పని. ఎఫ్-16 లాంటి కొత్త తరం జెట్ అయితే పనిలో ఎక్కువ భాగం విమానమే చూసుకుంటుంది, మీకు మిగిలేది కొంచెమే. ఆ కొంచెం ఏమిటో తెలియకే చాలామంది తికమక పడతారు.

ఇక సిద్ధాంతం. ఒక్క మాట గుర్తుంటే చాలు: ట్రిమ్ చేశామంటే ఒక వేగానికి ట్రిమ్ చేశామని అర్థం. వేగం మారితే ఆ ట్రిమ్ చెల్లదు. ప్రొపెల్లర్ విమానంలో థ్రాటిల్ (ఇంజన్ పవర్ పెంచే, తగ్గించే లీవర్) మార్చినా చెల్లదు. కింద చెప్పే ప్రతి మెట్టూ దీన్నుంచి వచ్చిందే.

మీ దగ్గరున్న ఆటో ఏ రకం?

ఆటో ట్రిమ్ అని అందరూ ఒకే పేరుతో పిలిచేవి నిజానికి మూడు వేర్వేరు సంగతులు.

మొదటిది, గేమ్ ఇచ్చే సాయం. ఏసెస్ హై అనే గేమ్‌లో కంబాట్ ట్రిమ్ ఇలాంటిదే. మీ వేగాన్ని చూసుకుంటూ ట్రిమ్ తనే జరుపుతూ ఉంటుంది. వార్ థండర్ గేమ్‌లో మౌస్ ఎయిమ్‌తో ఆడేవాళ్లకు ఇన్‌స్ట్రక్టర్ అనే సాయం ఉంటుంది. మీరు మౌస్‌తో చూపించిన చోటికి విమానాన్ని తీసుకెళ్లే బాధ్యత దానిది, ట్రిమ్ సంగతి మీ దాకా రాదు.

రెండోది, విమానంలోనే ఉన్న కంప్యూటర్. డీసీఎస్ అనే సిమ్యులేటర్‌లో ఎఫ్-16, ఎఫ్/ఏ-18 ఈ కోవలోవి. అసలు విమానంలోనూ అది అలాగే ఉంటుంది కాబట్టి దీన్ని వాడితే చీటింగ్ చేస్తున్నామేమోనన్న బెంగ అక్కర్లేదు.

మూడోది, ఆటో లెవెల్ లేదా ఆటోపైలట్. ఇది ట్రిమ్ కానే కాదు. మీ బదులు వేరెవరో స్టిక్ పట్టుకుని కూర్చున్నట్టు. పట్టుకున్నంతసేపూ బాగానే ఉంటుంది, వదలగానే విమానం అసలు గుణం బయటపడుతుంది.

మీది ఏ రకమో తెలియకపోతే ఈ చిన్న పరీక్ష చేయండి. ఆటోపైలట్ ఆపేసి, విమానాన్ని సమంగా, ఒకే వేగంలో నిలబెట్టండి. చేయి తీసి థ్రాటిల్‌ను పావు వంతు తగ్గించండి. ముక్కు దానంతటది కిందికి వాలి పాత వేగాన్ని పట్టుకోవడానికి చూస్తే ఆటో ఏమీ లేదు, అది మామూలు విమానం. ముక్కు వాలకుండా వేగం మాత్రం పడిపోతూ ఉంటే ఏదో ఒక ఆటో పని చేస్తోంది. కంట్రోల్స్ చూపించే చిన్న బొమ్మ తెర మీద ఉంటే ట్రిమ్ గుర్తు దానంతటది జరగడం కూడా కనిపిస్తుంది.

కావలసినవి

- హ్యాట్ స్విచ్ ఉన్న జాయ్‌స్టిక్. నాలుగు వైపులా కదిలే చిన్న బుడిపె లాంటి స్విచ్ అది. రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) కోసం ట్విస్ట్ తిరిగే స్టిక్ అయినా, రడ్డర్ పెడల్స్ అయినా సరే.
- రడ్డర్ ట్రిమ్ కోసం ఇంకో రెండు బటన్లు.
- ట్రిమ్ రీసెట్‌కు ఒక కీ. దీన్ని స్టిక్ మీద పెట్టకండి, కీబోర్డులో దూరంగా పెట్టండి. పోరాటం మధ్యలో పొరపాటున నొక్కితే ఏమవుతుందో ఊహించుకోండి.
- సాధన కోసం ఖాళీ ఆకాశం: గాలి లేదు, శత్రువు లేడు, ఆయుధాల బరువు లేదు.

విమానం ఏదైనా ఫరవాలేదు కానీ, డీసీఎస్‌తో ఉచితంగా వచ్చే టీఎఫ్-51డీ సాధనకు బంగారం. పీ-51 మస్టాంగ్‌కు ఆయుధాలు లేని రూపం అది. ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పేది), ఐలరాన్ (రెక్కలను ఒరిగించేది), రడ్డర్ మూడింటికీ ట్రిమ్ ఉంటుంది. మీరు చేసే ప్రతి తప్పునూ వెంటనే చూపిస్తుంది.

కీలు అమర్చుకోవడం

1. ముందు జాయ్‌స్టిక్‌ను క్యాలిబ్రేట్ చేయండి. తర్వాత గేమ్ సెట్టింగ్స్‌లో స్టిక్ కదలికను చూపే యాక్సిస్ బొమ్మ తెరిచి స్టిక్ వదలండి. చుక్క సరిగ్గా మధ్యలో నిలవాలి. నిలవక అటూ ఇటూ వణుకుతుంటే 2 లేదా 3 శాతం డెడ్‌జోన్ (మధ్యలో స్టిక్ కాస్త కదిలినా గేమ్ పట్టించుకోని జాగా) పెట్టండి. ఈ మెట్టు వదిలేసి ముందుకు వెళ్లకండి. “ట్రిమ్ నిలవడం లేదు” అంటూ వచ్చే ఫిర్యాదుల్లో సగం చివరికి పాతబడ్డ జాయ్‌స్టిక్ దగ్గరే తేలతాయి.

2. హ్యాట్ స్విచ్‌కు ట్రిమ్ పెట్టండి. ముందుకు తోస్తే ముక్కు కిందికి, వెనక్కి లాగితే ముక్కు పైకి, ఎడమకు తోస్తే ఎడమ రెక్క కిందికి, కుడికి తోస్తే కుడి రెక్క కిందికి. తిరగేసి పెట్టుకునేవాళ్లు చాలామంది. “పైకి నొక్కితే ముక్కు పైకే కదా వెళ్లాలి” అన్నది వాళ్ల లెక్క. వద్దు. స్టిక్ ఎటు కదిపితే ముక్కు ఎటు వెళ్తుందో హ్యాట్ కూడా అలాగే ఉండాలి. అసలు విమానాల్లోనూ ఇదే పద్ధతి. ఒకసారి చేయి తిరగబడిన అలవాటుకు వచ్చిందంటే మాన్పించడం కష్టం.

3. ట్రిమ్‌ను తిరిగే నాబ్‌కు, అంటే యాక్సిస్‌కు, పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు. చక్రం తిప్పినట్టే ఉంటుంది, వేగంగా జరుగుతుంది. కానీ నాసిరకం నాబ్ ఒక్కచోట నిలవదు, దానితో పాటు ముక్కూ వణుకుతుంది. పైగా విమానం ఎక్కేసరికి నాబ్ ఎక్కడుందో చూసుకోకపోతే టేకాఫ్‌లోనే తేడా కొడుతుంది. మొదట బటన్లతో నేర్చుకుని తర్వాత నాబ్‌కు మారడం నయం.

4. కంట్రోల్స్ బొమ్మను తెర మీదికి తెచ్చుకోండి. డీసీఎస్‌లో కుడి కంట్రోల్ కీ పట్టుకుని ఎంటర్ నొక్కితే వస్తుంది. నేర్చుకునేటప్పుడు దీన్ని చూడటం తప్పేమీ కాదు. చేయి అలవాటు పడ్డాక తీసేయండి.

మొదటిసారి చేత్తో ట్రిమ్ చేయడం

5. 2,000 మీటర్ల ఎత్తుకు చేరండి. థ్రాటిల్‌ను మామూలు ప్రయాణానికి సరిపడా పెట్టి ఇక ముట్టుకోకండి. టీఎఫ్-51డీలో 40 అంగుళాల మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి), 2,500 ఆర్‌పీఎం చాలు.

6. స్టిక్‌తోనే ముక్కును దిగంతం దగ్గర పట్టుకుని, ఎత్తు మారకుండా చూస్తూ ఆగండి. వేగం పెరగడం ఆగేదాకా ఆగండి. ఇందుకు నిమిషం పైగా పట్టొచ్చు. అందరూ తొందరపడేది ఇక్కడే. వేగం ఇంకా పెరుగుతుండగా ట్రిమ్ చేస్తే, కుదిరిందనుకున్న అర నిమిషానికే మళ్లీ ముక్కు లేస్తుంది. మళ్లీ నొక్కుతారు, మళ్లీ లేస్తుంది. చివరికి ట్రిమ్ పాడైందని గేమ్‌ను తిడతారు.

7. వేగం నిలిచిందా? ఇప్పుడు చూడండి, ముక్కును నిలపడానికి మీ చేయి స్టిక్‌ను ఎటు పట్టుకుని ఉంది? ముందుకు తోస్తూ ఉంటే ముక్కు కిందికి ట్రిమ్ చేయండి, వెనక్కి లాగుతూ ఉంటే పైకి. హ్యాట్‌ను అదిమిపట్టకుండా చిన్న చిన్నగా తట్టండి. తట్టిన ప్రతిసారీ చేతిని ఆ మేరకు సడలించండి. ముక్కు మాత్రం దిగంతం దగ్గరే ఉండాలి. స్టిక్ మధ్యకు వచ్చేసరికి ట్రిమ్ కుదిరినట్టు.

ఈ మెట్టులో ఒక చిక్కు ఉంది. అసలు విమానంలో ట్రిమ్ చేస్తే స్టిక్ ఉన్నచోటే ఉండి చేతి మీద బరువు మాత్రం పోతుంది. మన జాయ్‌స్టిక్‌లో స్ప్రింగ్ ఉంటుంది కాబట్టి అది ఎప్పుడూ మధ్యకే రావాలని చూస్తుంది. అందుకే ఒక చేత్తో రెండు పనులు జరగాలి: బొటనవేలు ట్రిమ్ పెంచుతుంటే మణికట్టు స్టిక్‌ను మధ్యకు తేవాలి. మొదట్లో విమానం నీళ్లలో పడవలా ఊగుతుంది. కంగారు పడకండి, పది పన్నెండుసార్లు చేస్తే చేతికి వచ్చేస్తుంది.

8. ఇప్పుడు రడ్డర్. ముందున్న ప్యానెల్‌లో వంపు తిరిగిన గాజు గొట్టంలో ఒక నల్ల బంతి ఉంటుంది, దాన్ని చూడండి. బంతి కుడికి జరిగి ఉంటే కుడి రడ్డర్ ట్రిమ్, ఎడమకు ఉంటే ఎడమ రడ్డర్ ట్రిమ్. బంతి మధ్యకు రావాలి.

9. రెక్కలది ఆఖరి వంతు. బంతి మధ్యలో ఉన్నా ఒక రెక్క వాలుతుంటేనే ఐలరాన్ ట్రిమ్ ముట్టుకోండి. రెండు మూడు తట్లకు మించి అవసరం పడితే అనుమానించండి. ఒకవైపు ట్యాంకులో ఇంధనం తగ్గిందేమో, ఒకవైపు బాంబు మాత్రమే మిగిలిందేమో, రెక్కకు దెబ్బ తగిలిందేమో చూసుకోండి.

ఈ వరస తప్పితే ఏమవుతుంది? విమానం ఎడమకు ఒరుగుతోందని ముందే ఐలరాన్ ట్రిమ్ కుడికి వేశారనుకోండి. అసలు రోగం ముక్కు ఎడమకు తిరగడం. దాన్ని వదిలేసి రెక్కను ఎత్తారు. ఇప్పుడు ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగినట్టు రడ్డర్ ఒకవైపు, ఐలరాన్ ఇంకోవైపు లాగుతుంటాయి. చూడటానికి విమానం సమంగానే ఉంటుంది, కానీ పక్కకు జారుతూ పోతుంది. వేగం ఎందుకు రావడం లేదో, గుళ్లు గురికి ఒక పక్కగా ఎందుకు పోతున్నాయో అర్థం కాదు.

వార్ థండర్‌లో పూర్తి కంట్రోల్స్‌తో ఆడేవాళ్లకు ఒక దగ్గరి దారి ఉంది. స్టిక్‌తో, పెడల్స్‌తో విమానాన్ని సమంగా పట్టుకుని ట్రిమ్‌ను ఫిక్స్ చేసే కీ నొక్కితే అదే ట్రిమ్‌గా నిలిచిపోతుంది. నొక్కగానే స్టిక్ వదలడం మరిచిపోకండి. అయితే అసలు విమానానికి లేని ట్రిమ్ అక్కడా పని చేయదు.

కుదిరిందో లేదో తేల్చుకోవడం

చేయి, కాళ్లు పూర్తిగా తీసేయండి. 15 సెకన్లు లెక్కపెట్టండి. ఎత్తు చూపే ముల్లు దాదాపు కదలకూడదు, దిశ 2-3 డిగ్రీలకు మించి మారకూడదు, బంతి మధ్యలో ఉండాలి. అంతే. ప్రొపెల్లర్ విమానం నిమిషాల తరబడి చేయి లేకుండా గీత గీసినట్టు వెళ్లాలని ఆశించకండి. రెక్క మెల్లగా ఏదో ఒకవైపు వాలడం సహజం.

రెండో పరీక్ష కొంచెం సరదాగా ఉంటుంది. ముక్కును 5 డిగ్రీలు పైకెత్తి వదిలేయండి. విమానం కాసేపు పైకి, కాసేపు కిందికి నెమ్మదిగా ఉయ్యాల ఊగి, ఊపు తగ్గించుకుంటూ పాత వేగం దగ్గరికి రావాలి. అలా ఊగడం తప్పు కాదు, ట్రిమ్ బాగుందని చెప్పే గుర్తు. ఊగుతుండగా మళ్లీ ట్రిమ్ నొక్కారో, ఆ ఉయ్యాలకు మీరే ఊపు ఇచ్చినవాళ్లవుతారు.

మూడోది: థ్రాటిల్ పూర్తిగా ముందుకు తోయండి. ప్రొపెల్లర్ కాక్‌పిట్ నుంచి చూస్తే గడియారం ముల్లులా తిరిగే విమానాల్లో ముక్కు ఎడమకు లాగుతుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి మస్టాంగ్, మెర్లిన్ ఇంజన్ స్పిట్‌ఫైర్, బీఎఫ్ 109 అన్నీ ఇంతే. గ్రిఫన్ ఇంజన్ స్పిట్‌ఫైర్‌కు ప్రొపెల్లర్ ఎదురు తిరుగుతుంది కాబట్టి కుడికి లాగుతుంది. ఈ లాగుడు మీ ట్రిమ్ తప్పు కాదు, పవర్ మారింది కాబట్టి వచ్చింది. దాన్ని పెడల్‌తో పట్టుకోవడం నేర్చుకోండి.

ఆటోను సరిగ్గా వాడుకోవడం

ఆటోను నేను చిన్నచూపు చూడను. లక్ష్యం 20 నిమిషాల దూరంలో ఉండి, మధ్యలో మ్యాప్ చూసుకోవాలి, ఇంధనం లెక్క వేసుకోవాలి అంటే ఆటోలో పెట్టి పని కానివ్వడమే తెలివి. బాంబర్ నడుపుతూ గన్నర్ సీటులోకి వెళ్లేవాళ్లకు ఆటో లెవెల్ లేకపోతే గడవదు. కొత్తగా చేరినవాళ్లు కూడా మొదటి పది గంటలు ఆటోలోనే ఎగరనివ్వండి. గురి పెట్టడం, వెనక్కి చూసుకోవడం, దారి తెలుసుకోవడం నేర్చుకోవడానికే వాళ్లకు సమయం చాలదు.

అది దెబ్బతీసే చోట్లు మూడు.

ఒకటి, నిలువు డైవ్. వేగం పెరిగేకొద్దీ ఆటో ముక్కు కిందికి ట్రిమ్ చేస్తూ పోతుంది, ఎందుకంటే ఆ వేగంలో సమంగా ఎగరడానికి కావలసింది అదే. మీకు కావలసింది మాత్రం పైకి లేవడం. ఎలివేటర్ బిగుసుకుపోయిన వేగంలో మీరు లాగుతుంటే ఆటో అవతలి వైపు నెడుతున్నట్టు అవుతుంది. అలాంటప్పుడు థ్రాటిల్ తగ్గించి, ఆటో తీసేసి, ముక్కు పైకి కొన్ని తట్లు వేయాలి. ఎన్ని వేయాలో, ఎక్కడ ఆపాలో కింద చెప్తాను.

రెండు, స్టాల్ (వేగం చాలక రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం) అంచున తిరిగే డాగ్‌ఫైట్, అంటే దగ్గరి పోరు. వేగం పడిపోతుంటే ఆటో ముక్కు పైకి ట్రిమ్ చేస్తుంది. మీరు అప్పటికే గట్టిగా లాగుతున్నారు. రెండూ కలిసి విమానాన్ని స్టాల్‌లోకి నెట్టేస్తాయి. స్టిక్ కొంచెమే లాగాను, స్పిన్ (గిర్రున తిరుగుతూ పడిపోవడం) ఎలా వచ్చిందని తల పట్టుకుంటారు.

మూడు, ఆటో తీసేసిన క్షణం. ఆటో లెవెల్‌లో అరగంట ఎగిరి, శత్రువు కనపడగానే టక్కున తీసేస్తే విమానం ఒక్కసారి గెంతుతుంది. ఆటోపైలట్ పట్టుకుని ఉన్నంతసేపూ అసలు ట్రిమ్ ఎక్కడుందో మీరు చూసుకోలేదు కదా. అందుకే ప్రాంతానికి చేరడానికి 3 నిమిషాల ముందే ఆటో తీసేయండి. పోరాట వేగానికి రండి, చేత్తో ట్రిమ్ చేసుకోండి, అప్పుడు వెతకడం మొదలుపెట్టండి.

పోరాటానికి ట్రిమ్

10. మీరు ఎక్కువసేపు ఉండబోయే వేగం ఏదో ముందే అనుకోండి. దానికి, పోరాటానికి వాడే పవర్‌తోనే, ట్రిమ్ చేయండి. మామూలు ప్రయాణపు పవర్‌లో చేసిన ట్రిమ్ పూర్తి థ్రాటిల్‌లో పనికిరాదు.

11. ఆ తర్వాత ముక్కు కిందికి ఒకటి రెండు తట్లు అదనంగా వేయండి. ఇది నా అలవాటు, అందరూ ఒప్పుకోరు. కారణం చెప్తాను. గురి పెట్టేటప్పుడు స్టిక్‌ను ఎప్పుడూ కాస్త వెనక్కి లాగి పట్టుకోవలసి వస్తే చేయి స్థిరంగా ఉంటుంది. స్టిక్ సరిగ్గా మధ్యలో ఉంటే స్ప్రింగ్ వదులుగా ఉండే చోట, ముందుకు వెనక్కి దాటుతూ ముక్కు వణుకుతుంది. నచ్చకపోతే ఈ మెట్టు వదిలేయండి.

12. పోరాటం మొదలయ్యాక ట్రిమ్ జోలికి వెళ్లకండి. మలుపులో ట్రిమ్‌తో లాగడం మొదలుపెడితే, మలుపు అయ్యాక ముక్కు ఆకాశంలోకి లేచిపోతుంది, దాన్ని దించడానికి ఇంకో పది తట్లు. ఆ ఐదు సెకన్లు శత్రువుకు చాలు. దీనికి ఉన్న మినహాయింపులు రెండే: నిలువు డైవ్, విమానానికి దెబ్బ తగలడం.

13. డైవ్‌లో జాగ్రత్త. బీఎఫ్ 109కు వేగం గంటకు 600 కిలోమీటర్లు దాటాక స్టిక్ సిమెంటులో పాతినట్టు బిగుసుకుంటుంది. దాని ట్రిమ్ ఎలివేటర్ అంచున ఉండే చిన్న పలకను (ట్యాబ్) కాదు, స్టెబిలైజర్‌ను, అంటే తోక దగ్గరి అడ్డ రెక్కను, మొత్తంగా జరుపుతుంది, కాబట్టి అక్కడ ట్రిమ్‌తోనే బయటపడాలి. కానీ ఒకేసారి చక్రం తిప్పేయకండి. రెండు మూడు తట్లు వేసి ఆగండి, ముక్కు కదలడం మొదలవగానే ట్రిమ్ ఆపి స్టిక్‌కు మారండి. పీ-47, పీ-38 లాంటి బరువైన విమానాలు చాలా ఎత్తు నుంచి డైవ్ చేస్తే ధ్వని వేగానికి దగ్గరపడి ఎలివేటర్ లొంగకుండా పోతుంది. అప్పుడు భయంతో ముక్కు పైకి పూర్తిగా ట్రిమ్ చేసేస్తే, కింద గాలి చిక్కబడి ఎలివేటర్ తిరిగి లొంగిన క్షణంలో విమానం ఒక్క విసురున పైకి లేస్తుంది. రెక్కలు ఊడిపోతాయి, లేదా మీ పైలట్‌కు కళ్లు చీకట్లు కమ్ముతాయి. థ్రాటిల్ తగ్గించి, కొద్దిగా మాత్రమే ట్రిమ్ చేసి, ఓపిక పట్టడం ఒక్కటే దారి.

14. బాంబు వేశాక, రాకెట్లు వదిలాక విమానం తేలికవుతుంది. ఒకవైపువి మాత్రమే పోతే ఇంకోవైపు వాలుతుంది. ఆ ప్రాంతం దాటి సురక్షితంగా ఉన్నాక 5 నుంచి 9 వరకు మెట్లు మళ్లీ చేయండి.

ఏ విమానానికి ఏముంది

రడ్డర్ ట్రిమ్ కీ నొక్కితే ఏమీ కావడం లేదంటూ కీలు మార్చి మార్చి విసిగిపోయే ముందు, అసలు ఆ విమానానికి రడ్డర్ ట్రిమ్ ఉందా అని చూడండి. బీఎఫ్ 109, ఎఫ్‌డబ్ల్యూ 190 రెండింటికీ ఎగురుతుండగా జరపగలిగింది స్టెబిలైజర్ ఒక్కటే. రెక్కల, రడ్డర్ ట్యాబ్‌లను నేల మీద ఉండగానే వంచి పెట్టేవారు. 109లో స్టెబిలైజర్ చక్రం, ఫ్లాప్స్ (దిగేటప్పుడు దించే రెక్కల వెనక పలకలు) చక్రం పైలట్ ఎడమ పక్కన పక్కపక్కనే ఉంటాయి. ఒక్క చేత్తో రెండూ కలిపి తిప్పడానికి అలా పెట్టారు. 190లో ఆ పని మోటారు చేస్తుంది, మీరు బటన్ నొక్కితే చాలు. జపాన్ జీరోకు ఎలివేటర్ ట్రిమ్ మాత్రమే. స్పిట్‌ఫైర్ మార్క్ 9కు ఎలివేటర్, రడ్డర్ ఉన్నాయి, ఐలరాన్ లేదు. పీ-51డీ, పీ-47డీలకు మూడూ ఉన్నాయి.

టేకాఫ్‌కు ముందు సరిచూసుకోవడం అలవాటు చేసుకోండి. మస్టాంగ్ అయితే రడ్డర్ ట్రిమ్ కుడికి 6 డిగ్రీలు, ఐలరాన్ సున్నా. ఇది పెట్టకుండా థ్రాటిల్ తోస్తే ఎడమ గడ్డిలోకి వెళ్తారు. పెట్టినా కుడి పెడల్ అవసరమే, కాకపోతే తక్కువ.

జెట్లలో మిగిలిన పని

ఎఫ్-16లో చక్రాలు పైకి లేచాక చేయి తీసేస్తే కంప్యూటర్ 1 జీ (సమంగా ఎగిరేటప్పుడు ఉండే మామూలు బరువు) దగ్గర పట్టి ఉంచుతుంది. వేగం మారినా ముక్కు ట్రిమ్ ముట్టుకోనక్కర్లేదు. ఇందులో మీరు చేయాల్సింది రెక్కల ట్రిమ్. ఒక రెక్క కింద బాంబు ఉండి రెండో రెక్క ఖాళీగా ఉంటే ఒరుగుతుంది, దాన్ని హ్యాట్‌తో సరిచేయండి. హ్యాట్ పని చేయకపోతే ఎడమ పక్క ప్యానెల్‌లో ట్రిమ్ స్విచ్ డిస్‌కనెక్ట్‌లో ఉందేమో చూడండి.

ఎఫ్/ఏ-18 ఇద్దరు మనుషుల్లా ఉంటుంది. ఫ్లాప్స్ ఆటోలో ఉన్నప్పుడు ట్రిమ్ తనే చూసుకుంటుంది. చక్రాలు దించి ఫ్లాప్స్ హాఫ్‌లోనో ఫుల్‌లోనో పెట్టగానే గుణం మారుతుంది. అప్పుడు మీ ట్రిమ్ ఎంత కోణంలో ఎగరాలో చెప్తుంది. యాంగిల్ ఆఫ్ అటాక్ (ఎదురొచ్చే గాలికి రెక్క చేసే కోణం) 8.1 డిగ్రీలు వచ్చేదాకా ట్రిమ్ చేసి, ఆ తర్వాత స్టిక్ జోలికి పోకుండా ఎత్తును థ్రాటిల్‌తో చూసుకోవాలి. ఇది తెలియకపోతే ఓడ మీద దిగడం రోజుల తరబడి కుదరదు. టేకాఫ్‌కు రడ్డర్ ట్రిమ్ నాబ్ మధ్యలో ఉన్న బటన్ నొక్కి పట్టుకుంటే స్టెబిలేటర్ (మొత్తంగా కదిలే తోక రెక్క) 12 డిగ్రీల దగ్గర కూర్చుంటుంది. రన్‌వేకు అది చాలు. ఓడ మీద కాటపుల్ట్‌కు (విమానాన్ని ముందుకు విసిరి ఎగరేసే యంత్రం) మాత్రం బరువును బట్టి 16 నుంచి 19 డిగ్రీల వరకు చేత్తో పెట్టాలి.

ఏ-10సీలో కూడా టేకాఫ్ ట్రిమ్ బటన్ ఉంది. లైటు వెలిగేదాకా నొక్కి ఉంచండి. గాల్లోకి లేచాక మాత్రం అది పాత పద్ధతి విమానమే, వేగం మారితే మీరే ట్రిమ్ చేసుకోవాలి.

హెలికాప్టర్ల ట్రిమ్ వేరే కథ. అక్కడ బటన్ నొక్కితే స్టిక్ ఉన్నచోటే మధ్య అయిపోతుంది. నొక్కి వదిలిన వెంటనే జాయ్‌స్టిక్‌ను మధ్యకు తేవాలి. ఆలస్యమైతే రెండింతలు వంగి గిర్రున తిరుగుతుంది. డీసీఎస్ ప్రత్యేక సెట్టింగ్స్‌లో, స్టిక్ మధ్యకు వచ్చేదాకా కొత్త కదలికలు తీసుకోకుండా ఆగే పద్ధతి ఉంటుంది. స్ప్రింగ్ ఉన్న జాయ్‌స్టిక్ వాడేవాళ్లు దాన్ని ఎంచుకోండి.

ఎక్కువగా జరిగే తప్పులు

ట్రిమ్‌తో విమానం నడపడం అన్నిటికంటే పెద్దది. పైకి వెళ్లాలంటే ట్రిమ్, కిందికి రావాలంటే ట్రిమ్. ముందు స్టిక్‌తో విమానాన్ని కావలసిన చోట నిలపండి, తర్వాతే ట్రిమ్.

మలుపు తిరుగుతూ ట్రిమ్ చేయడం ఇంకోటి. మలుపులో లాగుతూ ఉండాల్సి వస్తుంది కాబట్టి ముక్కు పైకి ట్రిమ్ వేస్తారు, సమంగా రాగానే అది ఎదురు తిరుగుతుంది.

గాలి ఉన్న మిషన్‌లో దిశ జారుతుంటే రడ్డర్ ట్రిమ్ వేయడం కూడా తప్పే. బంతి మధ్యలో ఉంటే విమానం బాగానే ఉంది. నేల మీది గుర్తుకు పక్కగా కొట్టుకుపోవడం గాలి పని. దానికి దిశ మార్చుకోవాలి.

ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లకు ఇంకో సంగతి. మీ కంప్యూటర్లో ఆన్‌లో ఉన్న సాయం సర్వర్‌లో ఉండకపోవచ్చు. సర్వర్ నడిపేవాళ్లు వాటిని ఆపేసే వీలుంది. చేరే ముందు సెట్టింగ్స్ చదవండి.

దిగేటప్పుడు

15. ప్రతి మార్పు తర్వాతా ట్రిమ్ చేయండి: వేగం తగ్గాక, చక్రాలు దించాక, ఫ్లాప్స్ దించాక. ఫ్లాప్స్ పడగానే కొన్ని విమానాల ముక్కు వాలుతుంది, కొన్నింటిది లేస్తుంది. అన్నీ అయ్యాక ఒకేసారి చేద్దాంలే అనుకుంటే రన్‌వే దగ్గరికి వచ్చేస్తుంది.

16. పూర్తిగా చేయి వదలగలిగేంతగా ముక్కు పైకి ట్రిమ్ చేయకండి, కొద్దిగా లాగాల్సిన బరువు ఉంచుకోండి. ఇది నాకు నేర్పింది నా తప్పే. ఒకసారి మస్టాంగ్‌ను ముక్కు బాగా పైకి ట్రిమ్ చేసి, చేయి వదిలేసి హాయిగా దిగుతున్నాను. రన్‌వే మీద ఇంకో విమానం కనపడి కంగారుగా థ్రాటిల్ మొత్తం తోశాను. ముక్కు నిలువునా లేచింది, ఎడమకు తిరగబడింది, పడిపోయాను. అంతా మూడు సెకన్లలోపే.

17. దిగడం కుదరక మళ్లీ పైకి వెళ్లాల్సి వస్తే వరస ఇది: థ్రాటిల్‌ను మెల్లగా తోయండి, అదే సమయంలో స్టిక్‌ను ముందుకు గట్టిగా పట్టి ముక్కు లేవకుండా చూడండి, కుడి పెడల్ వేయండి, వెంటనే ముక్కు కిందికి ట్రిమ్ తట్టండి. చక్రాలు, ఫ్లాప్స్ సంగతి ఆ తర్వాత. 1,500 మీటర్ల ఎత్తును రన్‌వే అనుకుని అక్కడ ఐదుసార్లు దీన్ని సాధన చేయండి. ముక్కు మీ చేతిలోంచి జారకుండా ఐదుసార్లూ కుదిరాకే నేల దగ్గర చేయండి.